జెల్‌లో ఒక్కటే బ్యాండ్, కానీ ఆర్ఎన్ఏని పట్టుకోని ప్రోటీన్: కొత్తది కొనాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

మీ ప్రశ్న నాకర్థమైనంత వరకు ఇదండి. మీరు భీమవరంలో ఉంటున్నారు, ఇంతకుముందు రొయ్యల పీసీఆర్ ల్యాబ్‌లో చేసి ఇప్పుడు పీహెచ్‌డీలో చేరారు. రెండు ఆర్ఆర్ఎం డొమైన్లు (ఆర్ఎన్ఏని పట్టే మడత భాగాలు), చివర్లో ఆర్‌జీజీ తోక (ఆర్జినిన్, గ్లైసిన్లు పదేపదే వచ్చే వదులు భాగం) ఉన్న ఒక ఆర్ఎన్ఏ బైండింగ్ ప్రోటీన్‌ని హిస్ ట్యాగ్ (నికెల్‌కి అతుక్కునే హిస్టిడిన్ల వరస) పెట్టి ఈ.కోలై బ్యాక్టీరియాలో తీశారు. 150 మిల్లీమోలార్ ఉప్పుతో లైసిస్ (కణాల్ని పగలగొట్టడం), నికెల్ కాలమ్, ఎస్‌డీఎస్ జెల్‌లో శుభ్రంగా ఒక్కటే బ్యాండ్. నానోడ్రాప్‌లో 260/280 రేషియో (260, 280 నానోమీటర్ల దగ్గర మింగే కాంతుల నిష్పత్తి) 1.6 వచ్చింది, "కొంచెం తక్కువే గానీ పర్లేదు" అనుకుని ముందుకెళ్లారు. జెల్ షిఫ్ట్ (ప్రోటీన్ పట్టుకుంటే ఆర్ఎన్ఏ జెల్‌లో వెనకబడుతుందా అని చూసే పరీక్ష) పెడితే మాత్రం ఆర్ఎన్ఏ బ్యాండ్ పైకి జరగట్లేదు, ప్రోటీన్ బాగా ఎక్కువ వేస్తే వెల్‌లోనే ఇరుక్కుపోతోంది. మీ గైడ్ గారేమో కంపెనీ నుంచి రెడీమేడ్ ప్రోటీన్ తెప్పించేద్దాం అంటున్నారు, కొనాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే కొనకండి. మీ ప్రోటీన్ పాడవలేదు, ఖాళీగా లేదు అంతే. బ్యాక్టీరియా ఆర్ఎన్ఏని ముందే పట్టుకుని వచ్చేసింది, ఇక మీరిచ్చే ఆర్ఎన్ఏకి దాని దగ్గర చోటెక్కడిది. ఉప్పు బాగా పెంచి మళ్లీ ప్యూరిఫై చెయ్యండి, దాని మీద ఒక హెపారిన్ కాలమ్ వెయ్యండి, 260/280 రేషియో 0.6 చుట్టుపక్కలకి దిగాకే జెల్ షిఫ్ట్ పెట్టండి. ఆర్ఎన్ఏని తీసెయ్యడానికని ఆర్ఎన్ఏజ్ ఎ (ఆర్ఎన్ఏని కోసే ఎంజైమ్) మాత్రం వెయ్యకండి, ఎందుకో కింద చెప్తాను.

ముందు ఆ 1.6 సంగతి చూద్దాం, ఎంచేతంటే మొత్తం తికమకంతా అక్కడే మొదలైంది. రొయ్యల ల్యాబుల్లో చేసినవాళ్లందరికీ 1.8 అంటే మంచి నంబరని అలవాటైపోయి ఉంటుంది. అది డీఎన్ఏకి మంచి నంబరండి. ఆర్ఎన్ఏకైతే 2 దగ్గర ఉండాలి. ప్రోటీన్‌కి అలా కాదు, శుభ్రమైన ప్రోటీన్‌కి ఆ రేషియో 0.57 దగ్గర ఉంటుంది, ట్రిప్టోఫాన్, టైరోసిన్ ఎన్ని ఉన్నాయో దాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. న్యూక్లియిక్ ఆసిడ్ 260 దగ్గర ప్రోటీన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కాంతిని మింగేస్తుంది కాబట్టి బరువులో మూడు నాలుగు శాతం కలిసినా చాలు రేషియో 1 దాటేస్తుంది. సగటు ప్రోటీన్‌కి వేసిన పాత లెక్కల పట్టిక ప్రకారం చూస్తే 1.6 అంటే బరువులో సుమారు 15 శాతం దాకా న్యూక్లియిక్ ఆసిడ్ ఉన్నట్టు. అంటే డీఎన్ఏ కళ్లతో చూస్తే "కొంచెం తక్కువ", ప్రోటీన్ కళ్లతో చూస్తే ఘోరం.

మరి జెల్‌లో ఒక్కటే బ్యాండ్ వచ్చింది కదా అంటారు. కూమసీ రంగు ప్రోటీన్‌కే అంటుకుంటుందండి, ఆర్ఎన్ఏకి అంటదు. మీ జెల్ మీకు అబద్ధం చెప్పలేదు, మీరడిగిన ప్రశ్నకే జవాబు చెప్పింది, వేరే ప్రోటీన్లు ఉన్నాయా అంటే లేవంది. ఆర్ఎన్ఏ ఉందా అని దాన్ని మీరు అడగనే లేదు. ఇంకోటి, నానోడ్రాప్‌లో 280 చూసి మీరు లెక్కేసుకున్న గాఢత కూడా తప్పే, అందులో కొంత ఆర్ఎన్ఏ వాటా ఉంది. బ్రాడ్‌ఫర్డ్ (రంగుతో ప్రోటీన్‌ని కొలిచే పరీక్ష) పెట్టి చూడండి, దానికి ఆర్ఎన్ఏ పెద్దగా అడ్డం రాదు, రెండు నంబర్లకీ ఎంత తేడా ఉందో చూస్తే మీకే తెలిసిపోతుంది.

నమ్మకం కుదరకపోతే ఒక మధ్యాహ్నంలో తేలిపోయే పరీక్ష ఉంది. మీ ప్రోటీన్‌లోంచి కొంచెం తీసి ప్రోటీనేజ్ కె, ఎస్‌డీఎస్ వేసి కాసేపు వేడిలో ఉంచి, ఫినాల్ క్లోరోఫాం పట్టించి, పైన తేరిన నీళ్ల పొరని 2 శాతం అగరోజ్ మీద ఎథీడియంతో నడపండి. కింద చిన్న సైజులో మబ్బులాగా పొగ కనిపిస్తే అదే మీ దొంగ. అదే శాంపిల్ సగానికి ఆర్ఎన్ఏజ్ వేసి పక్క లేన్‌లో పెడితే (ఆ ట్యూబ్ దూరంగా వేరే బెంచి మీద ఉంచండి బాబూ) పొగ పోయిందంటే ఆర్ఎన్ఏ, ఉండిపోయిందంటే డీఎన్ఏ. ఒక చిన్న జాగ్రత్త, నికెల్ నుంచి ప్రోటీన్‌ని దించడానికి వాడే ఇమిడజోల్ కూడా నానోడ్రాప్ చూసే ఆ కాంతిని మింగుతుంది, అందులోనూ చవక రకం పొడైతే ఇంకా ఎక్కువ, కాబట్టి నానోడ్రాప్‌కి బ్లాంక్ నీళ్లతో కాకుండా ఎల్యూషన్ బఫర్‌తోనే పెట్టాలి.

ఇలా ఎందుకవుతుందంటే, ఈ ప్రోటీన్ల పనే అది కదండీ. ఒంటి నిండా లైసిన్లు, ఆర్జినిన్లు, పాజిటివ్ ఛార్జి, చాలావాటికి పీఐ (మొత్తం ఛార్జి సున్నా అయ్యే పీహెచ్) 9 పైనే. ఇటు ఈ.కోలై ఎండు బరువులో ఐదో వంతు దాకా ఆర్ఎన్ఏనే ఉంటుంది, అందులో మళ్లీ రైబోజోముదీ టీఆర్ఎన్ఏదే అత్యధికం. కణాన్ని పగలగొట్టగానే అదంతా ఒక్కసారిగా బఫర్‌లోకి వచ్చి పడుతుంది. నల్లరేగడి మడిలో దిగినోడి కాళ్లకి బురద అంటకుండా ఉంటుందా, అలాగే ఇదీనూ. 150 మిల్లీమోలార్ ఉప్పులో ఆ బురద ఊడదు. ఛార్జి మీద ఆధారపడిన పట్టు ఉప్పు పెంచితే సడలుతుంది, కానీ ఆర్ఆర్ఎంలో ఫినైల్‌అలనిన్, టైరోసిన్ లాంటివి ఆర్ఎన్ఏ బేసుల మీద పళ్లెం మీద పళ్లెంలా పేర్చుకుని పట్టుకునే పట్టు ఉంటుంది చూడండి, అది ఉప్పుకి అంత తేలిగ్గా లొంగదు. అందుకే కొన్ని ప్రోటీన్లు 1 మోలార్ ఉప్పులో కూడా మొండికేస్తాయి.

ఇక చెయ్యాల్సిన పని. తేలికదీ చవకదీ ముందు చెప్తాను, దాంతో తీరిపోతే మిగతాది అక్కర్లేదు.

లైసిస్ దగ్గర్నుంచే 1 మోలార్ సోడియం క్లోరైడ్ పెట్టండి. 50 మిల్లీమోలార్ హెపెస్ లేదా ట్రిస్, పీహెచ్ 7.5 నుంచి 8, 10 శాతం గ్లిసరాల్, 20 మిల్లీమోలార్ ఇమిడజోల్, 1 మిల్లీమోలార్ టీసెప్ లేదా 5 మిల్లీమోలార్ బీటా మెర్కాప్టోఇథనాల్, పీఎంఎస్ఎఫ్. నికెల్‌కీ హిస్ ట్యాగ్‌కీ మధ్య పట్టు ఉప్పుకి చెదరదు, అదే ఈ పద్ధతికి వరం. ప్రోటీన్ కాలమ్ మీద కూర్చున్నాక అదే బఫర్‌లో ఉప్పు 2 మోలార్ దాకా పెంచి తీరుబడిగా కడగండి, ఐదారు కాలమ్ వాల్యూములతో సరిపెట్టకుండా ఇరవై ముప్పై పోనివ్వండి. కడుగుతున్న నీళ్లని మధ్యమధ్యలో 260 దగ్గర చూస్తూ ఉండండి, మొదట్లో దూకుడుగా ఉంటుంది, తర్వాత తర్వాత నేలకి దిగుతుంది, దిగాక ఇంకాసేపు కడిగి అప్పుడు ఇమిడజోల్‌తో దించండి. ఈడీటీఏ ఎక్కడా ఉండకూడదు, నికెల్‌ని పీకేస్తుంది. డీటీటీ ఎక్కువైతే కాలమ్ గోధుమరంగుకి తిరిగిపోతుంది, అది చూసి కంగారు పడి ఫోన్లు చేసేవాళ్లు నాకు తెలుసు.

నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావాటికి ఈ ఒక్క మార్పుతోనే రేషియో 0.8, 0.9కి వచ్చేసింది. అక్కడ ఆగిపోకండి, 0.9 అంటే ఇంకా ఉన్నట్టే.

రెండోది హెపారిన్ కాలమ్. హెపారిన్ ఒంటి నిండా నెగటివ్ ఛార్జితో ఆర్ఎన్ఏ లాగే నటిస్తుంది, అందుకని చేతులు ఖాళీగా ఉన్న మీ ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది, ఆర్ఎన్ఏతో చేతులు నిండిన ప్రోటీన్ పట్టుకోలేక కిందికి జారిపోతుంది. అంటే ఇది కడగడమే కాదు, పనికొచ్చేదాన్నీ పనికిరానిదాన్నీ ఏరి వేరు పెడుతుంది కూడా. నికెల్ నుంచి వచ్చినదాన్ని ఉప్పు 200 మిల్లీమోలార్ దగ్గరికి పలచన చేసి ఎక్కించాలి, తర్వాత 1 మోలార్ దాకా మెల్లగా పెంచుతూ దించాలి. పలచన చేసేటప్పుడు తెల్లగా మసక వస్తే అక్కడే ఆపెయ్యండి, 300 దగ్గర ఎక్కించి చూడండి. జారిపోయిన ఫ్లో త్రూని పారబొయ్యకండి, దాని 260/280 చూడండి, అది 1.5 పైన ఉండి కాలమ్ మీద నుంచి దిగింది 0.6 ఉందంటే కథ మొత్తం మీ కళ్ల ముందే ఉన్నట్టు.

ఈ రెండిటికీ లొంగని మొండి ఘటాలకి పీఈఐ, అంటే పాలీఇథిలీనిమీన్. ఇది పాజిటివ్ ఛార్జి ఉన్న పాలిమర్, న్యూక్లియిక్ ఆసిడ్‌ని ముద్ద కట్టించి కిందికి దించేస్తుంది. దీంట్లో కిటుకంతా ఉప్పులోనే ఉంది. 1 మోలార్ ఉప్పులో వేస్తే ఆర్ఎన్ఏ డీఎన్ఏలు ముద్దకట్టి దిగిపోతాయి, మీ ప్రోటీన్ పైన నీళ్లలో ఉండిపోతుంది. 100 మిల్లీమోలార్‌లో వేశారో, ప్రోటీన్ ఆర్ఎన్ఏని వదలదు కాబట్టి దాంతోపాటే అడుక్కి పోతుంది, నికెల్ మీదకి ఏమీ రాదు. 10 శాతం స్టాక్ చేసుకుని హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో పీహెచ్ 8కి తెచ్చుకోవాలి (చెయ్యకుండా వేస్తే అది బాగా ఆల్కలైన్, మీ బఫర్‌ని తినేస్తుంది). సోనికేట్ చేసి తిప్పి తేర్చిన లైసేట్‌ని బీకర్‌లో పోసి, ఐస్ మీద పెట్టి, అడుగున నల్ల కాగితం పరిచి, చిన్న మాగ్నెట్ మెల్లగా తిరుగుతుండగా పైపెట్‌తో ఒక్కో చుక్కే వదలండి. మొదటి చుక్క పడ్డచోట తెల్లటి దారం లాగా లేచి కరిగిపోతుంది. ఇంకో నాలుగు పడ్డాక ఆ దారం కరగడం మానేస్తుంది, కాసేపట్లో మొత్తం పలచని మజ్జిగలా అయిపోతుంది. చివరికి 0.1 నుంచి 0.2 శాతం దాకా వెళ్లాక ఓ పావుగంట తిరగనిచ్చి, 20,000 జీ దగ్గర అరగంట సెంట్రిఫ్యూజ్ చెయ్యండి. ఒకేసారి గబుక్కున పోసేస్తే ముద్దలోపల ప్రోటీన్ కూడా చిక్కుకుపోతుంది, అందుకే చుక్క చుక్కగా అంటున్నాను.

పీఈఐ వేశాక దాన్ని వదిలించుకోవడం మర్చిపోతారు చాలామంది. అది నీళ్లలో మిగిలిపోయి చివరిదాకా వచ్చిందనుకోండి, జెల్ షిఫ్ట్‌లో మీ ఆర్ఎన్ఏని అదే పట్టుకుని పైకి లాగుతుంది, మీరు ప్రోటీన్ పనిచేసిందని పండగ చేసుకుంటారు. అందుకని సూపర్నేటెంట్‌లో అమ్మోనియం సల్ఫేట్ 60, 70 శాతం దాకా వేసి ప్రోటీన్‌ని దించేసి, పైన ఉన్న పీఈఐని పారబోసి, పెల్లెట్‌ని మళ్లీ నికెల్ బఫర్‌లో కరిగించుకోవాలి.

దానికీ లొంగకపోతే 6 నుంచి 8 మోలార్ యూరియాలో ప్రోటీన్‌ని విప్పేసి, కాలమ్ మీదే కడిగేసి, యూరియా మెల్లగా తగ్గిస్తూ మళ్లీ మడత పెట్టించడం. చిన్న ఆర్ఆర్ఎంలు, అంటే తొంభై అమినో ఆసిడ్ల లెక్కన ఒకటి రెండు డొమైన్లు ఉన్నవి దీంట్లో బాగానే మడత పడతాయి. పెద్దవాటికి నేను సలహా ఇవ్వను.

ఒక హెచ్చరిక. ఆర్ఎన్ఏ పోయాక ప్రోటీన్ మొరాయించొచ్చు. ఇన్నాళ్లూ ఆ ఆర్ఎన్ఏనే దాన్ని నీళ్లలో కరిగి ఉండేలా కాపాడింది, అది పోగానే ఒకదానికొకటి అతుక్కుని మసకబారడం మొదలెడుతుంది. ముఖ్యంగా మీ ఆర్‌జీజీ తోక లాంటి నిలకడైన ఆకారం లేని భాగాలున్నవి. అలా మసకబారితే ఉప్పు 300 కంటే కిందికి దించకండి, గ్లిసరాల్ 10 శాతం ఉంచండి, ఆర్జినిన్ గ్లుటమేట్ 50, 50 మిల్లీమోలార్ వేసి చూడండి, అప్పటికీ ఆగకపోతే ఎంబీపీ ట్యాగ్‌తో (కరిగి ఉండేలా సాయపడే పెద్ద ప్రోటీన్) మళ్లీ క్లోన్ చెయ్యండి. ఎంబీపీ ఉన్నంతసేపు బుద్ధిగా ఉండి, టెవ్ ప్రోటియేజ్‌తో కోసిన కాసేపటికే చిన్న చిన్న బొట్లుగా విడిపోయేవి ఉన్నాయి, ఎఫ్‌యూఎస్ అనే ప్రోటీన్ దీనికి పేరుమోసింది. అది పాడవడం కాదు, దాని స్వభావమే అది, కానీ జెల్ షిఫ్ట్ చేసేవాడికి మాత్రం తలనొప్పి. అలాగే దిగుబడి పడిపోయిందని గాభరా పడకండి, మునుపటి నంబర్లో ఆర్ఎన్ఏ కూడా కలిసి ఉందని పైన అనుకున్నాం కదా.

ఇప్పుడు ఆర్ఎన్ఏజ్ ఎ ఎందుకొద్దన్నానో చెప్తాను. ఆర్ఎన్ఏని తీసెయ్యాలంటే ఆర్ఎన్ఏజ్ వేస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా తోస్తుంది, ప్రోటీన్ నిర్మాణం చూసే క్రిస్టల్ వాళ్లు కొందరు వేస్తారు కూడా, వాళ్లకి తర్వాత ఆర్ఎన్ఏతో పని లేకపోతే ఇబ్బంది లేదు. మీకు పనుంది. అది 13.7 కిలోడాల్టన్ల బుల్లి ప్రోటీన్, నాలుగు డైసల్ఫైడ్ బంధాలు, ఉడకబెట్టినా చల్లారాక మళ్లీ లేచి పనిచేస్తుంది. దాని పీఐ కూడా 9 పైనే, అదీ ఆర్ఎన్ఏని పట్టుకునేదే, కాబట్టి హెపారిన్ మీద మీ ప్రోటీన్‌తో పాటే అదీ పట్టుకోవచ్చు. మీరు గుర్తించలేనంత కొంచెం మిగిలినా మీ లేబుల్ చేసిన ఆర్ఎన్ఏని ముక్కలు చేసేస్తుంది.

రొయ్యల ల్యాబ్ అలవాట్ల గురించి ఇక్కడ ఒక మాట, తప్పుగా అనుకోకండి. మన భీమవరం, కాకినాడ వైపు ల్యాబుల్లో రోజూ చూసే వైట్ స్పాట్ వైరస్‌ది డీఎన్ఏ, ఈహెచ్‌పీ అనే రొయ్యల పరాన్నజీవిని కూడా డీఎన్ఏ మీదే పట్టుకుంటారు. డీఎన్ఏ ఓర్పు గల మనిషి, కాస్త చెమట పడ్డా, టిప్ బాక్స్ మూత తెరిచి ఉంచినా ఏమనదు. ఆర్ఎన్ఏ అలా కాదు. మే నెల ఉక్కలో గ్లౌజు లోపల చెయ్యి నానిపోతుంటే అదే గ్లౌజుతో నుదురు తుడుచుకుని ట్యూబ్ పట్టుకుంటే అయిపోయినట్టే. దానికన్నా పెద్ద ప్రమాదం ప్లాస్మిడ్ మినీప్రెప్ చేసే బెంచి. ఆ కిట్లో మొదటి బఫర్‌లో మామూలుగా మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల ఆర్ఎన్ఏజ్ ఎ ఉంటుంది, అదే పైపెట్‌తో ఆర్ఎన్ఏ పని చేస్తే ఇక చెప్పేదేముంది. వేరే పైపెట్లు, వేరే మూల పెట్టుకోండి. జెల్ ట్యాంకుని 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నానబెట్టి కడగండి. డీఈపీసీ (ఆర్ఎన్ఏజ్‌ని పనిచెయ్యకుండా చేసే రసాయనం) నీళ్లు చేసుకోండి గానీ ట్రిస్ బఫర్‌లో నేరుగా డీఈపీసీ వెయ్యకండి, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. నీళ్లకి వేసి ఆటోక్లేవ్ చేసి ఆ నీళ్లతో ట్రిస్ కలుపుకోవాలి.

ఆర్ఎన్ఏజ్ ఇన్హిబిటర్ వేస్తున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లకి ఒక విషయం. మామూలుగా అమ్మే ఆ ఇన్హిబిటర్ ఆర్ఎన్ఏజ్ ఎ కుటుంబాన్ని ఆపుతుంది. ఈ.కోలై పెరిప్లాజంలో ఆర్ఎన్ఏజ్ 1 అని ఒకటుంది, సోనికేట్ చెయ్యగానే బయటికొస్తుంది, అది వేరే కుటుంబం, దాన్ని ఇది ఆపలేదు. దాన్ని కాలమ్ మీద కడిగే వదిలించుకోవాలి. కడిగారో లేదో తెలియాలంటే మీ ప్రోటీన్‌ని లేబుల్ చేసిన ఆర్ఎన్ఏతో కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, యూరియా జెల్ మీద నడపండి, పక్కన ప్రోటీన్ లేని ఆర్ఎన్ఏ. రెండు బ్యాండ్లూ ఒకేలా ఉంటే ధైర్యంగా ముందుకెళ్లండి. జెల్ షిఫ్ట్‌లో "షిఫ్ట్ రాలేదు" అన్నవాళ్లలో కొంతమందికి అసలు అక్కడ ఆర్ఎన్ఏనే మిగల్లేదు.

జెల్ షిఫ్ట్ గురించి ఎక్కువ చెప్పను, మీ ప్రోటీన్ శుభ్రమయ్యాక సగం సమస్యలు వాటంతటవే పోతాయి. వెల్‌లో ఇరుక్కోవడం అంటే చాలాసార్లు ముద్దకట్టిన ప్రోటీన్, ట్యూబుని ముందు పది నిమిషాలు ఫుల్ స్పీడులో తిప్పి పైన నీళ్లే వాడండి. లేబుల్ ఆర్ఎన్ఏని 95 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు పెట్టి ఐస్‌లో పెట్టి వాడండి, దాని గాఢత మీరు ఊహించే కేడీ (సగం ఆర్ఎన్ఏ పట్టుబడే ప్రోటీన్ గాఢత, పట్టు బలానికి కొలత) కంటే బాగా తక్కువ ఉండాలి, లేకపోతే మీరు కొలిచేది కేడీ కాదు. కొంచెం టీఆర్ఎన్ఏ పోటీకి వెయ్యండి, ఊరికే అంటుకునేవి వదిలిపోతాయి. 6 శాతం నేటివ్ జెల్, సగం బలం టీబీఈ, కోల్డ్ రూములో. ఆర్ఆర్ఎంలో బేసుల్ని పట్టే ఆ అరోమాటిక్ అమినో ఆసిడ్‌ని అలనిన్‌గా మార్చిన మ్యూటెంట్ ఒకటి పక్కన పెట్టుకుంటే రివ్యూయర్ నోరు మూతపడుతుంది. మీ ప్రోటీన్ కాకుండా జింక్ ఫింగర్ రకం ఎవరైనా చేస్తుంటే వాళ్లకి ఒక మాట, టీబీఈలో ఈడీటీఏ ఉంటుంది, అది జింకుని లాగేస్తుంది, ఈడీటీఏ లేని బఫర్‌లో నడపండి.

ఇదే రోగం వేరే వేషంలో కూడా వస్తుంది. రాజమండ్రి వైపు ఒకమ్మాయి డెడ్ బాక్స్ హెలికేజ్ (ఏటీపీ ఖర్చుపెట్టి ఆర్ఎన్ఏ జతల్ని విప్పే ప్రోటీన్) మీద చేస్తూ అడిగింది, సార్, ఆర్ఎన్ఏ వెయ్యకుండానే నా ప్రోటీన్ ఏటీపీని కోసేస్తోంది, ఆర్ఎన్ఏ వేస్తే కొత్తగా ఏం పెరగట్లేదు, ఇది ఆర్ఎన్ఏ అక్కర్లేని కొత్త రకమా అని. కొత్త రకం కాదు, బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ లోపలే ఉంది. హెపారిన్ వేశాక ఆర్ఎన్ఏ లేకుండా చప్పగా, ఆర్ఎన్ఏ వేస్తే జోరుగా వచ్చింది. ఏటీపీ తెగితే వచ్చే ఫాస్ఫేట్‌ని కొలవడానికి ఇప్పుడు చాలామంది మాలకైట్ గ్రీన్ వాడుతున్నారు, అంతకుముందు తరాలు వాడిన పద్ధతి 1925లో ఫిస్క్‌తో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇచ్చిందే. మీ ఊరి నుంచి ప్రశ్న వచ్చేసరికి గుర్తొచ్చింది, అంతే.

ఇక కొనడం సంగతి. నేను కొనొద్దని కట్టుబడి కూర్చోలేదు. ప్రోటీన్ మీద ఫాస్ఫేట్, ఆర్జినిన్ మిథైల్ లాంటివి ఉంటేనే పనిచేసే రకమైతే ఈ.కోలైలో అవి రావు, కీటక కణాల్లోనో మనిషి కణాల్లోనో తీసింది కొనడమే మేలు. ఒక్క ప్రయోగానికి కొద్ది మైక్రోగ్రాములు చాలు అన్నా కొనుక్కోవచ్చు. పాజిటివ్ కంట్రోల్ కోసమైతే మాత్రం ఎంఎస్2 కోట్ ప్రోటీన్ (ఒక బ్యాక్టీరియా వైరస్ పైతొడుగు ప్రోటీన్) మీరే తయారుచేసుకోండి, అది 19 న్యూక్లియోటైడ్ల హెయిర్‌పిన్‌ని నానోమోలార్ స్థాయిలో గట్టిగా పట్టుకుంటుంది, ఎంబీపీతో కలిపి తీస్తే చెప్పినమాట వింటుంది. మీ ఆర్ఎన్ఏ, మీ జెల్, మీ బఫర్ బాగున్నాయో లేదో ఒక్క రోజులో చెప్పేస్తుంది.

కొనేటప్పుడు డేటాషీట్‌లో "ప్యూరిటీ 90 శాతం పైన, ఎస్‌డీఎస్ పేజ్ ప్రకారం" అని ఉంటే మురిసిపోకండి, మీ జెల్ కూడా అదే చెప్పింది కదా. కంపెనీకి మెయిల్ పెట్టి అడగాల్సినవి: 260/280 ఎంత, ఏ ఆర్ఎన్ఏతో బైండింగ్ చూశారు, పూర్తి ప్రోటీనా ముక్కా, ఏ కణాల్లో తీశారు, ట్యాగ్ ఉందా, బఫర్‌లో బీఎస్ఏ లాంటిదేమైనా కలిపారా. బైండింగ్ చూడలేదు అన్నారంటే అది యాంటీబాడీలు చెయ్యడానికీ బ్లాట్‌లో కంట్రోల్‌కీ ఉద్దేశించింది అయ్యుండొచ్చు, యూరియాలో విప్పి తీసినవి కూడా అందులో ఉంటాయి. ఆ పనికి అది మంచిదే, మీ పనికి కాదు. అంత డబ్బు పెట్టి తెప్పించాక మీరు ఇప్పుడున్న చోటే మళ్లీ నిలబడతారు, ఈసారి హెపారిన్ మీద వెయ్యడానికి సరిపడా ప్రోటీన్ కూడా ఉండదు.

ఆర్డర్ పెడితే తేదీ చూసుకుని పెట్టండి. డ్రై ఐస్ డబ్బా హైదరాబాద్ దాకా బాగానే వస్తుంది, అక్కడ్నుంచి మన దాకానే తంటా. నాకు తెలిసిన ఒకాయనది సరిగ్గా సంక్రాంతికి వచ్చింది. మన వైపు ఆ మూడు రోజులూ జనం బరుల దగ్గరుంటారా కొరియర్ ఆఫీసులో ఉంటారా, డబ్బా తెరిచేసరికి డ్రై ఐస్ ఆనవాలు కూడా లేదు.

దాచుకోవడం కూడా ఆలోచించుకోవాలి, వానాకాలంలో కరెంటు సంగతి మీకు తెలిసిందే. 10, 20 మైక్రోలీటర్ల చిన్న ఆలీకాట్లు చేసి లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 80లో పెట్టండి, ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించొద్దు. కాలేజీలో నైట్రోజన్ లేకపోతే దగ్గర్లో పశువైద్యశాల వాళ్లని అడిగి చూడండి, పశువుల వీర్యం నిల్వకి వాళ్ల దగ్గర ఉంటుంది, ఓ ఫ్లాస్కుడు ఇవ్వమంటే చాలాచోట్ల కాదనరు. మైనస్ 80 మీద నమ్మకం లేకపోతే 50 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 20లో పెట్టండి, అక్కడ అది గడ్డకట్టదు, కొన్ని గంటలు కరెంటు పోయినా తట్టుకుంటుంది. కాకపోతే జెల్ షిఫ్ట్ రియాక్షన్‌లో ఆ గ్లిసరాల్ అన్ని ట్యూబుల్లోనూ సమానంగా ఉండేలా చూసుకోవాలి.

ఒకవేళ క్లోన్ మళ్లీ చెయ్యాల్సి వస్తే ఆర్‌జీజీ తోకలో ఆర్జినిన్ కోడాన్లు చూసుకోండి. ఏజీఏ, ఏజీజీలు వరసగా ఉంటే మామూలు బీఎల్21కి (ప్రోటీన్ తీసే ఈ.కోలై రకం) అవి అరుదు, మధ్యలో ఆగిపోయి పొట్టి బ్యాండ్లు వస్తాయి, రోసెట్టా స్ట్రెయిన్ వాడండి లేదా జీన్‌నే కోడాన్లు మార్చి రాయించుకోండి. ఇండక్షన్ 16, 18 డిగ్రీల దగ్గర రాత్రంతా, ఐపీటీజీ 0.2 నుంచి 0.5 మిల్లీమోలార్.

ముందు 1 మోలార్ లైసిస్, 2 మోలార్ వాష్ చేసి, ఎల్యూషన్ బఫర్ బ్లాంక్‌తో 260/280 ఎంతో, బ్రాడ్‌ఫర్డ్ ఎంతో ఈ జవాబు కిందే రాయండి. 0.7 కిందకి వచ్చి కూడా షిఫ్ట్ రాకపోతే అప్పుడు తోక తీసేసి రెండు ఆర్ఆర్ఎంలు మాత్రమే ఉన్న ముక్క చెయ్యాలా అన్నది మాట్లాడుకుందాం, మీ ప్రోటీన్‌కి ఏ సీక్వెన్స్ ఇష్టమో ఇంతకుముందు ఎవరైనా చూపించారా అన్నది కూడా అప్పుడు చెప్పండి, అది లేకుండా ఏ ముక్క చెయ్యాలో చెప్పలేను.